చూడటం తేలిక, కొలవడం కష్టం: జీబ్రా చేప పిండం గుండె కథ

జీబ్రా చేప పిండాన్ని మైక్రోస్కోపు కింద పెడితే గుండె కొట్టుకోవడం నేరుగా కనిపిస్తుంది. కోయనక్కర్లేదు, రంగు ఎక్కించనక్కర్లేదు. రక్తం వచ్చి చేరే కర్ణిక ఒకటి, దాన్ని బయటికి తోసే జఠరిక ఒకటి, అంతే. ఫలదీకరణ జరిగిన దాదాపు 24 గంటలకే స్పందన మొదలవుతుంది. ఇంత బాహాటంగా కనిపించే గుండెను అంకెల్లోకి దించడానికి మాత్రం పరిశోధకులు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు.

ఈ చేపకు ప్రయోగశాలలో పీట వేసింది అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్. జన్యుపరంగా ఒకే అచ్చులో పోసినట్టుండే చేపలను సృష్టించిన తీరును ఆయన బృందం 1981లో వెల్లడించింది. ఆ తర్వాత జర్మనీలోని ట్యూబింగెన్‌లోనూ బోస్టన్‌లోనూ ఉత్పరివర్తనాల (జన్యువుల్లో వచ్చే మార్పుల) వేట పెద్ద ఎత్తున సాగి, 1996 డిసెంబరులో ఫలితాలన్నీ ఒకే పత్రిక సంచికలో వచ్చాయి. దొరికిన గుండె లోపాలకు పెట్టిన పేర్లు సరదాగా ఉంటాయి. ‘బ్రేక్‌డాన్స్’ పిండంలో కర్ణిక రెండుసార్లు కొట్టుకుంటే జఠరిక ఒక్కసారే స్పందిస్తుంది. ‘సైలెంట్ హార్ట్’ పిండంలో గుండె అసలు కొట్టుకోదు. అయినా పిండం కొన్ని రోజులు బతుకుతుంది. అంత చిన్న ఒంటికి చుట్టూ ఉన్న నీటి నుంచి చర్మం గుండా చేరే ఆక్సిజన్ చాలు. గుండె చెడిన జీవిని బతికుండగానే గమనించే ఈ వీలు వేరే జంతువుల్లో దొరకడం అరుదు.

ఆ లోపాలను పట్టుకున్నది మనిషి కన్నే. స్పందన వేగాన్నీ అలాగే లెక్కించేవారు: స్టాప్‌వాచ్ పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం. రెండు రోజుల పిండం గుండె సెకనుకు రెండుసార్లకు పైగానే కొట్టుకుంటుంది. ఒక్క దెబ్బ లెక్క తప్పితే నిమిషానికి నాలుగు తేడా. వందో పిండం దగ్గరికి వచ్చేసరికి కన్ను అలిసిపోతుంది.

తొందర పెట్టింది మందుల రంగం. అలర్జీకి వాడే టెర్ఫెనడైన్ కొందరిలో గుండె లయను ప్రాణాంతకంగా దెబ్బతీస్తోందని తేలి, 1990ల చివర్లో దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు. అటువంటి ముప్పును ముందే పసిగట్టే తేలికైన పరీక్ష కావలసి వచ్చింది. 2003లో వెలువడిన ఒక అధ్యయనం వంద మందులను ఈ పిండాలపై పరీక్షించి, మనుషుల్లో లయను చెరిపేవాటిలో ఎక్కువ భాగం చేప గుండెనూ నెమ్మదింపజేస్తాయని చూపింది. ఆ మందులు చాలావరకు అడ్డుకునేది గుండె కణాల్లో పొటాషియం రాకపోకలకు ఉన్న ఒక ద్వారాన్ని. ‘బ్రేక్‌డాన్స్’లో చెడిన జన్యువు కూడా ఆ ద్వారానిదే.

వేగాన్ని కొలిచే పని కంప్యూటర్‌కు సులువుగానే అబ్బింది. గుండె ముడుచుకుని విచ్చుకునేటప్పుడు వీడియోలో ఆ చోట వెలుగు పెరిగి తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్ల లయే స్పందన వేగం. అసలు చిక్కు గుండె ఎంత రక్తం తోస్తోందన్న దగ్గర వచ్చింది. చిత్రం చదునుగా ఉంటుంది, గుండె చదునుగా ఉండదు. అందుకే జఠరిక కోడిగుడ్డులా కోలగా ఉందనుకుని, చిత్రంలో దాని అంచు గీసి, పొడవును వెడల్పు వర్గంతో గుణించి ఘనపరిమాణం అంచనా వేస్తారు. వెడల్పును పది శాతం ఎక్కువగా గీస్తే ఘనపరిమాణం 21 శాతం పెరిగిపోతుంది. జఠరిక పొడవు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉన్నప్పుడు ఆ పది శాతం ఎంతో ఊహించండి.

2015లో జీవవైద్య చిత్రాల కోసం యూ-నెట్ అనే న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) వచ్చాక ఈ అంచు గీసే పని కూడా యంత్రం చేతికి వెళ్లడం మొదలైంది. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది మనుషులు గీసిన అంచుల నుంచే. గీసినవాడి చేతి వాటం అందులోకీ దిగుతుంది. చేప వైపు చిక్కులు సరేసరి: పిండం కాస్త పక్కకు ఒరిగితే జఠరిక ఆకారమే మారిపోతుంది, కదలకుండా ఉంచే మత్తుమందు ట్రైకైన్ గుండెను నెమ్మదింపజేస్తుంది, నీరు 28.5 డిగ్రీల నుంచి జారితే వేగమూ జారుతుంది. అలా తగ్గిన వేగాన్ని కూడా ప్రోగ్రామ్ దశాంశాలతో సహా నమోదు చేస్తుంది, తగ్గించింది మందో చల్లనీళ్లో దానికి తెలియదు.