చుక్కలు రాలిపోతే జబ్బు పోయినట్టు కాదు

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ అక్వేరియం షాపుకు వెళ్లి, చేప ఒంటిమీద తెల్ల చుక్కలు వచ్చాయని చెప్పండి. జవాబు దాదాపు ఒకటే ఉంటుంది: "అన్నా, ఈ నీలి మందు రెండు చుక్కలెయ్యి, ఇంత దొడ్డుప్పు కలుపు, తక్కువైతది." గోల్డ్ ఫిష్ విషయంలో ఈ సలహా మరీ చెడ్డదేం కాదు. కానీ ఇప్పుడు క్లౌన్ ఫిష్, బ్లూ టాంగ్ లాంటి సముద్రపు చేపలను హైదరాబాద్ నుంచి కవర్లో తెచ్చుకుని పెంచేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అవి పుట్టిందే లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పున్న నీళ్లలో. వాటికి ఉప్పు మందెలా అవుతుంది?

చుక్కలు చూడటానికి ఒకేలా ఉన్నా జబ్బులు వేరు. మంచినీటి చేపకు తెల్ల చుక్కలు తెచ్చేది ఇక్తియోఫ్తీరియస్ అనే ఏకకణ జీవి. సముద్రపు చేపకు తెచ్చేది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. రెండింటికీ ఒళ్లంతా నూగులాంటి శైలికలుంటాయి, రెండూ చేప చర్మం కిందికి దూరి బతుకుతాయి, కానీ జీవుల వర్గీకరణలో ఇవి దగ్గరి చుట్టాలు కావు. ఒకే బతుకుదెరువు వెతుక్కుంటూ వేర్వేరు దారుల్లో ఒకే రూపానికి వచ్చాయి. నీళ్లు వేడిచేస్తే మొదటిది తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మొచ్చు. రెండోదానికి వెచ్చని పగడపు సముద్రాలే సొంత ఇల్లు, వేడి దాన్ని ఏమీ చేయదు.

సముద్రపు తెల్లమచ్చ జబ్బులో మనుషులను బోల్తా కొట్టించేది దాని జీవితచక్రం. చుక్కగా కనిపించే దశలో పరాన్నజీవి చేప చర్మం పైపొర కింద కూర్చుని కణజాలాన్ని తింటుంది. మూడు రోజుల నుంచి వారం దాకా అలా బలిసి, చేపను వదిలి కిందికి దిగుతుంది. ఇది ఎక్కువగా చీకటి వేళల్లో జరుగుతుంది కాబట్టి రాత్రి చుక్కలతో ఉన్న చేప తెల్లారేసరికి శుభ్రంగా కనిపించవచ్చు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మందు పనిచేసిందని షాపాయనకు ఫోన్ కూడా వెళ్తుంది. అదే సమయంలో ట్యాంకు అడుగున ఆ జీవి చుట్టూ తిత్తి కట్టుకుని లోపల చీలుతూ ఉంటుంది. ఒక్కో తిత్తిలో రెండు వందల దాకా పిల్లలు తయారవుతాయి. తిత్తి పగిలాక అవి ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందులకు లొంగేది ఈ ఈదే దశ ఒక్కటే. చర్మం కింద ఉన్నదానికి మందు తగలదు, తిత్తిలో ఉన్నదానికీ తగలదు. అందుకే ఈ జబ్బుకు వైద్యం క్యాలెండర్ చూసి చేయాలి, చేపను చూసి ఆపేయకూడదు.

వైద్యానికి ముందు అసలు అది క్రిప్టోకారియానేనా అని తేల్చుకోవాలి. ఉప్పు రవ్వ చల్లినట్టు, లెక్కపెట్టగలిగేలా చుక్కలుంటే అదే కావచ్చు. చేప మీద టార్చి పక్కనుంచి కొట్టి చూసినప్పుడు సన్నటి బంగారు ధూళిలా కనిపిస్తే అది వెల్వెట్, అంటే అమైలూడీనియం అనే మరో పరాన్నజీవి తెచ్చే జబ్బు. ఇది ముందు మొప్పల మీద పడుతుంది. చర్మం మీద ఏదైనా కనిపించేలోపే చేప తిండి మానేసి, లైటుకు దూరంగా జరిగి, పంపు ధారకు ఎదురుగా నిలబడి రొప్పుతుంది. చుక్కల జబ్బు రోజుల గడువిస్తే వెల్వెట్ గంటల్లో లెక్క చెబుతుంది. ఒక్కో జీవి నుంచి 256 దాకా పిల్లలు పుడతాయి మరి. క్లౌన్ ఫిష్ ఒంటి నుంచి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవిని అనుమానించాలి. దానికి రాగి మందు పనికిరాదు, ఫార్మలిన్ కావాలి. రెక్క అంచున కాలీఫ్లవర్ లాంటి గడ్డ వస్తే అది లింఫోసిస్టిస్ అనే వైరస్. దానికి మందు లేదు, చేప బాగా తింటుంటే చాలావరకు దానంతటదే పోతుంది. ఈ ఒక్కదానికి జనం పెట్టే టెన్షన్, పోసే మందులు చూస్తే జాలేస్తుంది.

కంటితో తేలకపోతే మైక్రోస్కోపు ఉండనే ఉంది. చేప పక్క నుంచి కవర్ స్లిప్ (స్లైడు మీద పెట్టే పల్చటి గాజు ముక్క) అంచుతో మెల్లగా కొంచెం జిగురు తీసి, అదే ట్యాంకు నీటి బొట్టులో పెట్టి చూడాలి. ఇంటర్ కాలేజీ జువాలజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపు చాలు. మసక ముద్దలా నిదానంగా గిరగిరా తిరిగేది క్రిప్టోకారియాన్. కదలకుండా అతుక్కుని ఉన్న ముదురు సంచి వెల్వెట్. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలు ఎవరైనా తెలిసుంటే ఫోన్‌లో తీసిన వీడియో చూపించి అడగొచ్చు.

ఇంకో సులువైన పరీక్ష మంచినీటి ముంచుడు. ట్యాంకుతో సమానమైన వేడిలో, వంటసోడాతో పీహెచ్ సరిచేసిన ఆర్ఓ నీటిలో, గాలి గొట్టం వేసి చేపను ఐదు నిమిషాలు ఉంచాలి. మొప్పలకో చర్మానికో పట్టిన ఫ్లూక్స్ అనే చదును పురుగులు తెల్లబడి గిన్నె అడుగున నువ్వుల్లా రాలతాయి. రాలాయంటే జబ్బు తెలిసినట్టే. మందు ప్రాజీక్వాంటెల్, గుడ్ల నుంచి వచ్చే తర్వాతి తరం కోసం వారం లోపు రెండోసారి వేయాలి. ఐదు నిమిషాలు మంచినీళ్లలో ఉన్నా చేపకు సాధారణంగా ఏమీ కాదు, దాని ఒంట్లోకి నీరు చేరడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఈ ఉప్పు, నీటి లెక్క కాస్త చెప్పుకోవాలి. సముద్రపు చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో మూడో వంతే ఉంటుంది. ఉప్పు తగిలిన మామిడి ముక్క ఊట వదిలినట్టు, దాని ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అందుకే అది సముద్రాన్ని తాగుతుంది, అదనపు ఉప్పును మొప్పల నుంచి బయటికి నెడుతుంది. చర్మానికి చిల్లులు పడితే నీళ్ల మధ్యే ఎండిపోతుంది. మంచినీటి చేపకు దీనికి సరిగ్గా తిరగేసిన కష్టం, అందుకే దానికి ఉప్పు మేలు చేస్తుంది. సముద్రపు చేపకైతే ఉప్పు తగ్గించాలి. సాంద్రతను 1.025 నుంచి 1.009కి రెండు రోజుల మీద దించి, ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో రోజూ చూసుకుంటూ నాలుగు వారాలు ఉంచితే చేపకు పని తగ్గుతుంది, క్రిప్టోకారియాన్ ఉబ్బి పగిలిపోతుంది. అయితే కొన్ని రకాలు దీన్నీ తట్టుకున్నాయి. వెల్వెట్‌కైతే ఇది లెక్కే కాదు.

ఇక రాగి మందు. మన బత్తాయి తోటల రైతులకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొత్త కాదు, బంక తెగులుకు వాడే బోర్డో మిశ్రమం చేసేది దానితోనే. ఒక శాతం బోర్డోలో 100 లీటర్లకు కిలో మైలుతుత్తం పడుతుంది. అదే 100 లీటర్ల చేపల ట్యాంకులో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి కావాలంటే 80 మిల్లీగ్రాముల మైలుతుత్తం చాలు. పన్నెండు వేల రెట్ల తేడా. అందుకని తోటలో మిగిలిన డబ్బా తెచ్చి చెంచాతో వేసే ఆలోచన వద్దు. చేపల కోసం తయారైన రాగి మందు వాడాలి, రెండు మూడు రోజుల మీద మోతాదు పెంచాలి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప చస్తుంది. కీలేటెడ్ రకం (వేరే పదార్థంతో కట్టి ఉంచిన) రాగికి మోతాదు పదింతలు ఎక్కువ, దాని కిట్ కూడా వేరు. సీసా మీద 'పగడాలకు సురక్షితం' అని రాసిన మందులు, వెల్లుల్లి రసాలు నా లెక్కలో డబ్బు దండగ. ఈ పరాన్నజీవిని చంపగలిగేంత మందు రొయ్యనూ నత్తనూ వదిలిపెట్టదు.

వైద్యానికి వేరే ట్యాంకు కావాలనేది ఇందుకే. అందులో ఇసుక, రాళ్లు వేయకూడదు, అవి రాగిని పీల్చేస్తాయి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు, పైన మూత చాలు. క్వారంటైన్‌లో చేపలు జబ్బు కంటే అమ్మోనియాతోనే ఎక్కువ పోతాయని నా అభిప్రాయం. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, ఆ స్థాయిలో అమ్మోనియాలో విషపు భాగం మంచినీటి ట్యాంకులో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. స్పాంజిని నెల ముందే పెద్ద ట్యాంకులో నానేసి బ్యాక్టీరియా పట్టనివ్వాలి. అమ్మోనియాను కట్టేసే ద్రావణాలను రాగితో కలిపి వాడొద్దు, కొన్ని రాగిని మరింత విషంగా మారుస్తాయి.

నీళ్ల సంగతికొస్తే మునుగోడు, మర్రిగూడ వైపు వాళ్లు మొదట అడిగేది ఫ్లోరైడ్ గురించే. చిత్రమేమంటే సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, మన తాగునీటికి కోరదగిన పరిమితి 1. అసలు ఇబ్బంది బోరు నీటి కాఠిన్యం, నైట్రేట్లు, కుళాయి నీటి క్లోరిన్. ఉప్పు కలపడానికి ఆర్ఓ నీళ్లే వాడాలి, కానీ ఇంటి మిషన్ రాగి కలిపే రకం కాకుండా చూసుకోవాలి. రుచి కోసం కొంత ముడి నీటిని కలిపే మిషన్లూ ఉన్నాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మే నెలలో జబ్బు చేస్తే కష్టం ఇంకా ఎక్కువ. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, పరాన్నజీవి చక్రం వేగం పెరుగుతుంది, రాగి వేసిన చేపకు ఆకలీ మందగిస్తుంది. 45 డిగ్రీల ఎండలో కరెంటు పోతే మొప్పలు దెబ్బతిన్న చేపకు గంట కూడా ఎక్కువే. ఫ్యాను కన్నా ముందు ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలపాలి. ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని నీళ్లే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

చేపకు రాగిలో కనీసం నెల గడవాలి. పెద్ద ట్యాంకుకు ఇంకా ఎక్కువ కాలం కావాలి. కొన్ని తిత్తులు 72 రోజుల దాకా ఆగి పగిలినట్టు పరిశోధనల్లో తేలింది, అందుకే 76 రోజులు అందులో ఒక్క చేప కూడా ఉండకూడదంటారు. పగడాలు, రొయ్యలు ఉండొచ్చు, వాటి మీద ఈ జీవి బతకలేదు. ఆ గడువులో వలలు, చేతులు, బకెట్లు రెండు ట్యాంకులకూ వేరువేరుగా ఉండాలి, తడి వల వెంట కూడా తిత్తి వచ్చేస్తుంది. రాగి తగిలిన స్పాంజిని, పైపులను మాత్రం పగడాల ట్యాంకులో మళ్లీ ఎప్పుడూ వాడొద్దు.