“ప్యూరే కదా, ఏం కాదులే”: ఇంట్లో సెంటు కలిపేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

మూడేళ్ళ కిందట నా మెడకి ఎడమ పక్కన ఒక మచ్చ ఉండేది. సన్నటి గొలుసు జారినట్టు కిందికి, గోధుమ రంగులో. మే నెల, విజయవాడ. నేను సొంతంగా కలిపిన మొదటి రోల్ఆన్ సెంటు రాసుకుని, మధ్యాహ్నం స్కూటీ మీద బెంజిసర్కిల్ నుంచి గొల్లపూడి దాకా వెళ్ళొచ్చాను. సాయంత్రానికి మంట, మర్నాటికి ఎరుపు, వారానికి మచ్చ. అది పోవడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ సీసాలో ఉన్నవన్నీ ‘హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్’ నూనెలే!

ఇప్పుడు శనివారాలు ఇంట్లోనే చిన్న క్లాసు చెప్తున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ అవే అపోహలు వినిపిస్తాయి.

అపోహ: మొక్క నుంచి తీసిందే కాబట్టి ఎంత రాసుకున్నా ఏం కాదు.

వాస్తవం: నా మెడ కాలింది మొక్క నూనెతోనే. బెర్గమాట్ అని నిమ్మజాతి కాయ, ఇటలీలో కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండుతుంది. దాని తొక్క పిండి తీసిన నూనెలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అక్కడ చర్మం కాలుతుంది, తర్వాత నల్లబడుతుంది. డాక్టరు దీన్ని ‘బెర్లాక్ డెర్మటైటిస్’ అన్నారు. ఫ్రెంచిలో ఆ మాటకి గొలుసుకి వేలాడే బిళ్ళ అని అర్థమట. సెంటు కారిన దారిలోనే మచ్చ పడుతుంది కాబట్టి ఆ పేరు. నా మచ్చకి భలే నప్పింది.

చర్మం మీద ఉండిపోయే వాటిలో ఈ నూనె 0.4 శాతం దాటకూడదని పరిమళాల పరిశ్రమ సంస్థ ఇఫ్రా హద్దు పెట్టింది. అంటే 10 మి.లీ. రోల్ఆన్‌కి దాదాపు ఒక్క చుక్క. నేను వేసింది పన్నెండు. ఫ్యూరోకౌమరిన్లు తీసేసిన బెర్గమాట్ కూడా అమ్ముతారు, సీసా మీద ‘ఎఫ్‌సీఎఫ్’ అని ఉంటుంది. అది తీసుకోండి. తొక్క పిండిన నిమ్మ నూనెకీ ఈ గొడవ ఉంది. ఆవిరి పట్టి తీసిన నిమ్మ నూనెకి లేదు, కమలా నూనెకీ లేదు.

వంటింటి దినుసులని లవంగం, దాల్చినచెక్క నూనెల్ని తేలిగ్గా తీసుకుంటారు. 10 మి.లీ.కి లవంగ నూనె ఒక చుక్కతో ఆపాలి. దాల్చినచెక్క నూనె ఒక చుక్క కూడా ఎక్కువే. నేనైతే చర్మానికి రాసేవాటిలో దాన్ని వాడను. ఇంకో సంగతి, పాతబడిన నూనె కొత్తదానికంటే ప్రమాదం. గాలి తగిలి నూనెలోని లిమొనీన్, లినలూల్ లాంటి వాసన పదార్థాలు ఆక్సీకరణ చెందితే ఎలర్జీ తెచ్చే పదార్థాలు పుడతాయి. నిమ్మజాతి నూనెలు ఫ్రిజ్‌లో పెట్టుకుని ఏడాదిలోపు వాడేయండి. కలిపిన ఏ సెంటైనా ముందు మోచేతి మడత దగ్గర కొంచెం రాసి రెండు రోజులు చూడండి.

అపోహ: మల్లెపూలు నూనెలో మరిగిస్తే మల్లె అత్తరు వస్తుంది.

వాస్తవం: ఈ ప్రశ్న రాని బ్యాచ్ లేదు. మరిగిస్తే మల్లె పోయి ఉడికిన ఆకుకూర వాసన మిగులుతుంది. గులాబీకి ఆవిరి పట్టి నూనె తీయొచ్చు గానీ, మల్లె ఆ వేడికి ఆగదు.

సాయంత్రం బజార్లో మనం మల్లెమొగ్గలు కొంటాం, మూరలెక్కన. జడలో పెట్టుకున్నాక, రాత్రికి విచ్చుకుని ఇల్లంతా గుమాయిస్తాయి. అంటే కోసిన తర్వాత కూడా ఆ పువ్వు గంటల తరబడి పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటుంది. పాతకాలం పద్ధతులన్నీ ఈ గుణం మీదే నడిచాయి. ఫ్రాన్సులో గాజుపలకలకి కొవ్వు పూసి పూలు పేర్చేవాళ్ళు, వాడినవి తీసి కొత్తవి పెడుతూ వారాల తరబడి. మన దేశంలో నువ్వులు, పూలు పొరలు పొరలుగా పేర్చి, పూలు మారుస్తూ, చివరికి ఆ నువ్వుల్ని గానుగాడించేవాళ్ళు. ఓపికుంటే ఇంట్లో చేయదగ్గది ఇదే. వాసన చాలా తేలిగ్గా ఉంటుంది, తలకి రాసుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు మార్కెట్‌లో దొరికే అసలైన మల్లె ‘ఆబ్సల్యూట్’. తమిళనాడులో ఫ్యాక్టరీలు పూలని హెక్సేన్ అనే ద్రావకంతో కడిగి తీస్తాయి. కిలో రావడానికి వందల కిలోల పూలు కావాలి. ఇంక వంద రూపాయలకి వచ్చే ‘ప్యూర్ జాస్మిన్ ఎసెన్షియల్ ఆయిల్’ ఏమిటో మీరే లెక్కేసుకోండి. మామిడి, స్ట్రాబెర్రీ ఎసెన్షియల్ ఆయిల్ అనేవైతే అసలు లేవు.

అపోహ: స్పిరిట్ లేనిదే సెంటు కాదు. ఏదీ లేకపోతే వోడ్కా చాలు.

వాస్తవం: అత్తర్లకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్. అక్కడి అత్తర్లలో స్పిరిట్ ఏదీ? డేగ్ అనే రాగి కాగులో పూలు, నీళ్ళు పోసి కాస్తారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళలో చల్లబడుతున్న భప్కా అనే పాత్రలోని చందన తైలంలో దిగుతుంది. ఆ తైలమే ఆధారం. ఇంట్లో మనకి సులువైంది కూడా నూనె ఆధారమే. జొజోబా గింజల నూనె గానీ, గడ్డకట్టని ఫ్రాక్షనేటెడ్ కొబ్బరినూనె గానీ తీసుకోండి. మామూలు కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, పైగా దాని వాసన దానిది. వోడ్కాలో 60 శాతం దాకా నీళ్ళే, నూనెలు కలవక పాలలా తెల్లబడుతుంది. పెయింట్లలో వాడే స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, దాని జోలికి పోవద్దు.

అపోహ: చుక్కలు లెక్కపెట్టుకుంటే చాలు.

వాస్తవం: వట్టివేరు నూనె చిక్కన, కమలా నూనె పలచన. ఆ చుక్క, ఈ చుక్క ఒకటి కావు. సీసా మూత మారితే చుక్క సైజూ మారుతుంది. 0.01 గ్రాము దాకా చూపే చిన్న తూకం వెయ్యి రూపాయల లోపే వస్తుంది. నేను క్లాసులో మొదట చేయించేది ఇది: పామరోజా 0.3, కమలా 0.3, వట్టివేరు 0.2, లావెండర్ 0.2 గ్రాములు, జొజోబా 9 గ్రాములు. పామరోజా అంటే గులాబీని తలపించే గడ్డి. గులాబీ నూనె కొనలేని మాలాంటివాళ్ళకి అదే దిక్కు.

అపోహ: కలపగానే బాగుంటే బాగున్నట్టే.

వాస్తవం: మొదటి నిమిషం కమలాది. అరగంటకి అది వెళ్ళిపోతుంది, పామరోజా, లావెండర్ పైకొస్తాయి. రాత్రికి బట్టల మీద మిగిలేది వట్టివేరు. కాబట్టి కాగితం ముక్కకి రాసి ఆ మూడు వేళల్లోనూ చూడాలి. పైగా కలిపిన కొత్తలో దేని వాసన దానిదే అన్నట్టుంటుంది. చీకట్లో మూడు, నాలుగు వారాలు ఉంచితే ఒక్కటవుతాయి. నేను పారబోయబోయి మరిచిపోయిన ఒక సీసా నెల తర్వాత అన్నిటికంటే బాగుంది. మా అమ్మ దాన్ని ఊరగాయతో పోల్చింది.

అపోహ: అసలు కస్తూరి అత్తరు తెలిసినవాళ్ళ దగ్గర దొరుకుతుంది.

వాస్తవం: కస్తూరి మృగం 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది. దాని కస్తూరి అమ్మడం, కొనడం నేరం. అమ్మేది సింథటిక్, లేదా కస్తూరి బెండ గింజల నూనె. రెండోది దొరికితే కొనండి, నిజంగా బాగుంటుంది. జంతు పరిమళం అంటే మొహం చిట్లించేవాళ్ళకి నేను తిరుమల గుర్తుచేస్తాను. శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసేది పునుగు తైలమే.

అపోహ: సింథటిక్ అంటే విషం, నాచురల్ అంటే మందు.

వాస్తవం: లావెండర్‌లోని లినలూల్, ల్యాబ్‌లో చేసిన లినలూల్ ఒకటే అణువు. ఎంత, ఎక్కడ అన్నదే లెక్క. పిల్లులున్న ఇంట్లో టీ ట్రీ లాంటి ‘నాచురల్’ నూనెని, వాసన గదిలోకి వదిలే డిఫ్యూజర్‌లో పెట్టడమే ప్రమాదం.

అపోహ: మణికట్లు రుద్దితే వాసన నలిగిపోతుంది.

వాస్తవం: అణువులు నలగవు. రుద్దిన వేడికి పై వాసన కాస్త తొందరగా ఎగిరిపోతుంది, అంతే.

అపోహ: మధ్యమధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది.

వాస్తవం: మామూలు గాలి చాలు. లేదా మీ మోచేతి మడతే వాసన చూసుకోండి. మొదటి బ్యాచ్‌కి సరదా పడి నేనూ అరకిలో కాఫీ గింజలు కొన్నాను, మర్నాడు ఫిల్టర్‌కే పనికొచ్చాయి.