స్టేజి మేనేజరు నుంచి నాటక సమాజ సారథి వరకు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలోని నాటక సమాజాలు చాలావరకు పగలు ఉద్యోగాలు చేసుకొని సాయంత్రం రిహార్సల్సుకు వచ్చేవారితోనే నడుస్తున్నాయి. అటువంటి ఒక సమాజంలో స్టేజి మేనేజరుగా పనిచేసి, తరువాత కార్యదర్శి బాధ్యత స్వీకరించిన నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: సమాజాన్ని నడిపించేవారు దర్శకుడో ప్రధాన నటుడో అయి ఉండాలి.

వాస్తవం: పరిషత్తు (నాటక పోటీలు నిర్వహించే సంస్థ) పోటీలలో ముందు జట్టు సెట్టు తీసిన తరువాత మనకు దొరికే వ్యవధి చాలా తక్కువ కాబట్టి, వేదికపై మొదట నిలబెట్టవలసిన సామగ్రిని వ్యానులోకి చివర ఎక్కించాలన్న సంగతి మొదలుకొని, ఏ సంభాషణ ముగియగానే లైటు తగ్గాలి, ఏ వస్తువు ఏ వింగులో (వేదికకు పక్కన, ప్రేక్షకులకు కనిపించని చోటు) ఎవరి చేతికి అందాలి అన్నంతవరకు స్టేజి మేనేజరు ముందుగానే ఆలోచించి ఉంటాడు. ఆ అలవాటు ఉన్నవాడు కొత్త నాటిక చదువుతున్నప్పుడే దానికి ఎందరు మనుషులు, ఎంత సామగ్రి, ఎంత ఖర్చు కావాలో అంచనా వేయగలడు. నాటిక ఎంపికలో ఈ అంచనా లేకపోవడం వల్లనే చాలా ప్రయత్నాలు రిహార్సల్సు దశలో ఆగిపోతున్నాయని నా అభిప్రాయం.

అపోహ: ఖర్చులు తెలిసినవారికి డబ్బు వ్యవహారం కొత్త కాదు.

వాస్తవం: ఎంత ఖర్చవుతుందో స్టేజి మేనేజరుకు తెలుసు, ఆ డబ్బు ఏ రోజుకు చేతిలో ఉండాలో మాత్రం సారథి అయిన తరువాతే తెలుస్తుంది. వ్యాను బాడుగ, మేకప్, నటీమణులకు అడ్వాన్సు ప్రదర్శనకు ముందే చెల్లించాలి. పరిషత్తువారిచ్చే పారితోషికం సాధారణంగా ప్రదర్శన తరువాతే అందుతుంది. పైగా నటీమణులలో చాలామంది ఒకేసారి పలు సమాజాలకు పనిచేస్తారు. అందుచేత నేను వారి తేదీలు ఖరారు చేసుకోకుండా రిహార్సల్సు మొదలుపెట్టను. దర్శకులకు ఇది రుచించదు, నిజమే.

అపోహ: రిజిస్ట్రేషను పేరుకే.

వాస్తవం: 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేయవచ్చు. సమాజం పేరిట బ్యాంకు ఖాతా తెరవడానికి, విరాళానికి సరైన రసీదు ఇవ్వడానికి ఆ పత్రమే ఆధారం.

అపోహ: టికెట్టు పెట్టనప్పుడు రచయిత అనుమతి అవసరం లేదు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. ఔత్సాహిక సంఘాలు రుసుము చెల్లించని ప్రేక్షకుల ముందు ప్రదర్శించుకోవడానికి 1957 నాటి కాపీరైటు చట్టం మినహాయింపు ఇచ్చింది. అయితే కథను నాటికగా మలచడం వేరే సంగతి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’లో నాటకీకరణకు తగిన కథలు ఎన్నో దొరుకుతాయి. కానీ రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు హక్కులు ఉంటాయి కనుక, రచయితనో వారసులనో అడిగి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ విషయంలో ఆ చిక్కు లేదు. గురజాడ 1915లోనే కన్నుమూశారు. అక్కడి కష్టమంతా ఆ సుదీర్ఘ నాటకాన్ని మన వ్యవధికి కుదించడంలోనే ఉంది.

అపోహ: సారథి అయినా క్యూలు (లైట్లు, వస్తువులు, నటుల ప్రవేశాలకు ఇచ్చే సంకేతాలు) తానే చూసుకుంటే ప్రదర్శన భద్రం.

వాస్తవం: ప్రదర్శన రోజున సారథి నిర్వాహకులతో, అతిథులతో, ఆలస్యంగా చేరుకునే నటులతో మాట్లాడవలసి ఉంటుంది, వింగులో నిలబడితే ఆ పనులు ఎవరూ చేయరు. క్యూలు రాసుకున్న స్క్రిప్టును తనకు మాత్రమే అర్థమయ్యే గుర్తులతో నింపినవారు దానిని ఇతరులకు అప్పగించలేరు కాబట్టి, తొలి రిహార్సలు నుంచే స్పష్టంగా, సిరాతో కాక పెన్సిలుతో రాయడం మంచిది. కొత్త స్టేజి మేనేజరుకు పూర్తి బాధ్యత ఇచ్చే మొదటి ప్రదర్శన పొరుగూరి పరిషత్తులో కాక, విజయనగరం ఆనంద గజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో, అంటే స్విచ్చులు ఎక్కడున్నాయో అందరికీ తెలిసిన వేదికపై ఏర్పాటు చేయాలి.