పాలపుంత, ఆండ్రోమెడా: ఢీకొంటాయా లేదా అన్న వాదన వెనక ఉన్న 1943

మన గెలాక్సీ పాలపుంత, పక్కనున్న పెద్ద గెలాక్సీ ఆండ్రోమెడా గుద్దుకోవడం ఖాయమా కాదా అన్న గొడవ మళ్ళీ మొదలైంది, మొన్న ఆర్కే బీచ్‌లో టెలిస్కోప్ పెట్టిన కుర్రాళ్ళ చుట్టూ కూడా ఇదే టాపిక్. 400 కోట్ల ఏళ్ళలో గ్యారంటీ అని ఒకాయన, అదంతా ఇప్పుడు కొట్టేశారండీ అని ఇంకొకాయన. ఆండ్రోమెడా మన వైపు వస్తోందన్నది వందేళ్ళ పైబడిన మాట కాబట్టి దాని జోలికి వెళ్ళను. నా లెక్కలో అసలు మలుపు 1943లో ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేసిన ఒక లెక్క.

రెండు గెలాక్సీలు కలిసినా నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు, మధ్యలో అంత ఖాళీ ఉంటుంది. మరి ఒకదాంట్లోంచి ఒకటి దూరి వెళ్ళిపోకుండా ఎందుకు కలిసిపోతాయి? దానికి జవాబు చంద్రశేఖర్ లెక్కలో దొరుకుతుంది. బరువైనది ఏదైనా నక్షత్రాల మధ్యలోంచి వెళ్తుంటే దాని ఆకర్షణకి అవి వెనకాల గుమిగూడతాయి, ఆ గుంపు దాన్ని వెనక్కి లాగుతుంది, గిరి ప్రదక్షిణ జనంలో వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టు. స్పీడ్ తగ్గుతుంది, దూరం వెళ్ళినా మళ్ళీ వెనక్కొస్తుంది, అలా కొన్ని చుట్లకి ఒకటైపోతాయి. దీన్నే డైనమికల్ ఫ్రిక్షన్ అంటారు. మన పాలపుంత కూడా దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ళ క్రితం ఇంకో గెలాక్సీని ఇలాగే కలుపుకుంది, ఆ ఆనవాళ్ళు 2018లో గయా అనే అంతరిక్ష టెలిస్కోప్ డేటాలో బయటపడ్డాయి.

కానీ ఈ బ్రేక్ పడాలంటే బాగా దగ్గరికి రావాలి, ఇప్పటి గొడవంతా అక్కడే. 2012లో హబుల్‌తో కొలిస్తే ఆండ్రోమెడా పక్కకి జరిగేది చాలా తక్కువని తేలింది, అంటే నేరుగా వస్తోందన్నమాట, ఖాయం అన్నది అప్పుడే.

2025లో హెల్సింకికి చెందిన టిల్ సావాలా టీమ్ కొలతల్లో ఉన్న తేడాలన్నీ లెక్కలోకి తీసుకుని లక్ష సిమ్యులేషన్లు నడిపింది, పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే, మన పక్కనున్న చిన్న గెలాక్సీని కూడా అందులో కలిపింది. దాని బరువు పాలపుంతలో 15 శాతమే, అయినా మన గెలాక్సీని పక్కకి లాగుతోంది, దాంతో వచ్చే వెయ్యి కోట్ల ఏళ్ళలో కలిసే ఛాన్స్ దాదాపు 50 శాతానికి పడిపోయింది. 400-500 కోట్ల ఏళ్ళలోనే నేరుగా గుద్దుకునేది 2 శాతం కేసుల్లోనే. ఇది కొట్టేయడం కాదు, ఎంత దగ్గరగా వస్తాయో ఇప్పటి కొలతలతో తేలదని నిజాయితీగా చెప్పడం.

ఆ మేఘం మాత్రం సుమారు 200 కోట్ల ఏళ్ళలో మనలో కలిసిపోవడం దాదాపు ఖాయం, అదే బ్రేక్ దానిమీద ఇప్పటికే పనిచేస్తోంది. వైజాగ్ నుంచి అది దక్షిణాన రెండు మూడు డిగ్రీలకి మించి పైకి లేవదు, బీచ్ లైట్లలో అసలు కనబడదు.