హేడన్: పెద్ద కాన్వాస్, పెద్ద అప్పు (అపోహలు - వాస్తవాలు)

బొమ్మలు వేస్తూ, నేర్పుతూ బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లండు పెయింటర్ బెంజమిన్ రాబర్ట్ హేడన్ (1786–1846) పేరెత్తితే చాలు, "పాపం, ఎవరూ పట్టించుకోలేదు కదా సార్" అంటారు పిల్లలు. సగమే నిజం.

అపోహ: హేడన్ వేసిన హిస్టరీ పెయింటింగ్ అంటే చరిత్రలో జరిగినవాటి బొమ్మ.
వాస్తవం: బైబిల్ కథలు, గ్రీకు పురాణాలు కూడా అందులోవే. చిత్రకళా అకాడమీలు పెద్దపీట వేసింది దీనికే. డబ్బులు మాత్రం పోర్ట్రెయిట్లలో ఉండేవి.

అపోహ: ఆయన బొమ్మలు ఎవరూ చూడలేదు.
వాస్తవం: 'జెరూసలేంలోకి క్రీస్తు ప్రవేశం' 1820లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో పెడితే వేలమంది టికెట్టు కొని చూశారు. క్రీస్తు చుట్టూ మూగిన జనంలో న్యూటన్, వోల్టేర్‌లతో పాటు తన స్నేహితులైన కవులు వర్డ్స్‌వర్త్, కీట్స్ ముఖాలు కూడా పెట్టాడు. కానీ ఆ ఒక్క బొమ్మకే దాదాపు ఆరేళ్లు పట్టింది. అన్నాళ్లూ ఇల్లు గడిచింది చేబదుళ్ల మీదే. చూసేవాళ్లు వచ్చారు, కొనేవాళ్లు రాలేదు. అంత కాన్వాస్ ఏ ఇంటి గోడకు పడుతుంది? చివరికి అది అమెరికా చేరింది.

అపోహ: టామ్ థంబ్ అనే పిల్లాడి వల్లే హేడన్ ప్రాణం తీసుకున్నాడు.
వాస్తవం: కథగా చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే నిలిచిపోయింది. 1846లో అదే హాల్లో ఈయన బొమ్మలు ఒకచోట, అమెరికా నుంచి వచ్చిన మరుగుజ్జు పిల్లాడు టామ్ థంబ్ ప్రదర్శన ఇంకోచోట. వారంలో అటు 12,000 మంది, ఇటు 133½ అని డైరీలో రాసుకున్నాడు. ఆ అర ఎవరంటే ఓ చిన్నపాప. అక్కడికొచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియదు నాకు.

అయితే అప్పుల వాళ్లు ఆయన్ని జైల్లో పెట్టించింది 1823లోనే. 1827లో మళ్లీ. రెండోసారి అక్కడ ఖైదీలు ఆడిన ఉత్తుత్తి ఎన్నికల తమాషా చూసి బొమ్మ వేస్తే, రాజు నాలుగో జార్జి 500 గినీలకు (అంటే 525 పౌండ్లకు) కొన్నాడు. సరదా బొమ్మకు రాజే గిరాకీ! అయినా ఈయన మనసు పెద్ద కాన్వాస్ వదల్లేదు.

నన్నడిగితే, టామ్ థంబ్ కన్నా గట్టి దెబ్బ 1843లో తగిలింది. ప్రభుత్వ భవనాల గోడలకు చరిత్ర బొమ్మలు వేయించండని ఏళ్ల తరబడి పోరినవాడు హేడన్. తీరా కొత్త పార్లమెంటు భవనం కోసం పోటీ పెడితే, ప్రైజుల్లో ఆయన పేరే లేదు. ఆ పోటీ పెట్టిన కమిషన్ కార్యదర్శి చార్లెస్ ఈస్ట్‌లేక్, ఒకప్పటి ఆయన శిష్యుడే. హేడన్ బతికినంతకాలం తిట్టిపోసిన చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీకి 1850లో అధ్యక్షుడైందీ ఆ శిష్యుడే.