రీబూట్ తర్వాత కూడా నిలిచే కెర్నెల్ మాడ్యూల్ మార్పులు

కొన్ని లినక్స్ కంప్యూటర్లలో పాట ఆగిన కాసేపటికి స్పీకర్లోంచి ‘టప్’మని చిన్న శబ్దం వస్తుంది. విద్యుత్తు ఆదా కోసం సౌండ్ చిప్‌ను నిద్రపుచ్చడమే చాలాసార్లు దీనికి కారణం. ‘ఎస్ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్’ అనే సౌండ్ డ్రైవర్ మాడ్యూల్‌లో (మాడ్యూల్ అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అవసరమైనప్పుడు జతయ్యే భాగం) ‘పవర్ సేవ్’ విలువను 0 చేస్తే ఆ శబ్దం ఆగిపోతుంది, కానీ రీబూట్ చేయగానే మళ్లీ మొదలవుతుంది. మనం మార్చింది ర్యామ్‌లో నడుస్తున్న కెర్నెల్‌నే తప్ప డిస్కు మీది ఫైళ్లను కాదు.

మార్పు నిలవాలంటే దాన్ని ‘ఈటీసీ’ డైరెక్టరీలో రాసిపెట్టాలి. అక్కడ చాలామంది తికమకపడే చోట్లు రెండున్నాయి. ‘మాడ్యూల్స్ లోడ్ డాట్ డి’లో బూట్ సమయంలో తప్పక లోడ్ కావలసిన మాడ్యూళ్ల పేర్లు మాత్రమే, వరుసకొకటి చొప్పున ఉంటాయి. పవర్ సేవ్ వంటి విలువలను ‘మోడ్‌ప్రోబ్ డాట్ డి’లో, ‘ఆప్షన్స్’ అనే మాటతో మొదలయ్యే వరుసలో రాయాలి. ఒక మాడ్యూల్‌ను లోడ్ కానివ్వకుండా ఆపడానికి రాసే ‘బ్లాక్‌లిస్ట్’ వరుస కూడా అక్కడిదే. అయితే అది ఆపేది, పరికరాన్ని గుర్తించినప్పుడు మాడ్యూల్ దానంతటదే లోడ్ కావడాన్ని మాత్రమే. వేరొక మాడ్యూల్‌కు ఆ మాడ్యూల్ అవసరమైతే ఈ నిషేధం పనిచేయదు.

ఇంత చేసినా ఫలితం కనిపించకపోతే నేను ముందుగా అనుమానించేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను. అసలు డిస్కు అందుబాటులోకి రాకముందే కెర్నెల్ వాడుకునే ఈ చిన్న ఫైల్ వ్యవస్థలో కొన్ని డ్రైవర్లతో పాటు మోడ్‌ప్రోబ్ సెట్టింగుల నకలు కూడా ఉంటుంది. ఆ నకలు దాన్ని తయారుచేసిన నాటిది. ‘నూవో’ వంటి గ్రాఫిక్స్ డ్రైవర్ అక్కడి నుంచే లోడ్ అయితే, నిన్న మనం రాసిన నిషేధం దాని కంట పడనే పడదు. కాబట్టి ఉబుంటు, డెబియన్‌లలో ‘అప్‌డేట్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్’తోనూ, ఫెడోరాలో ‘డ్రాకట్’తోనూ, ఆర్చ్‌లో ‘ఎంకే ఇనిట్ సీపీఐఓ’తోనూ ఆ నకలును మళ్లీ తయారు చేయించాలి. కెర్నెల్‌లోనే కలిపి కంపైల్ చేసిన డ్రైవర్ల సంగతి వేరు. వాటి బూట్ నాటి విలువలను బూట్‌లోడర్ (కెర్నెల్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ద్వారా, కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఇవ్వాలి.

రీబూట్ అయ్యాక ‘సిస్’ డైరెక్టరీలోని ‘మాడ్యూల్’ విభాగంలో ఆ మాడ్యూల్ పేరు వెతికి, దాని ‘పారామీటర్స్’లో పవర్ సేవ్ ఫైల్‌ను తెరవండి. అందులో 0 కనిపిస్తే మీరు రాసిన వరుసను మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడే చదివినట్టు.