వీడియో ఐపాడ్, ఐపాడ్ క్లాసిక్: యజమానుల అపోహలు, రిపేరు బల్ల మీద కనిపించే వాస్తవాలు

హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి దగ్గరగా ఉన్న మా రిపేరు బల్ల మీదికి పదిహేడేళ్లుగా ఐపాడ్‌లు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం 2005 అక్టోబరులో యాపిల్ విడుదల చేసిన అయిదో తరం ఐపాడ్‌లు, అంటే అందరూ ‘వీడియో ఐపాడ్’ అని పిలిచేవి, తరవాత 2007 నుంచి ‘క్లాసిక్’ అనే పేరుతో వచ్చినవి. 2014 సెప్టెంబరులో క్లాసిక్ అమ్మకాన్ని కంపెనీ ఆపేసింది. అయినా అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చి ఇచ్చినదనో, మొదటి జీతంతో కొనుక్కున్నదనో, దాన్ని పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. అలా తెచ్చేవాళ్లు వస్తువుతో పాటు దాని జబ్బు పేరు కూడా తామే చెబుతారు. ఆ మాటల్లో కొన్ని కేవలం పొరపాట్లు, కొన్ని వస్తువుకు చేటు చేసేవి, ఒకటి మాత్రం లోపలున్న పాటలను తిరిగి రాకుండా చేసేది. ఆ చివరిదాని కోసమే ఇదంతా రాయాలనిపించింది.

అపోహ: బటన్లు పనిచేయడం లేదు కాబట్టి బోర్డు పోయింది.

ముందుగా పైఅంచున ఉన్న హోల్డ్ స్విచ్ చూడండి. దాని పక్కన నారింజ రంగు గీత కనబడుతుంటే బటన్లు తాళం వేసి ఉన్నాయని అర్థం. తాళం లేకపోయినా స్పందించకపోతే హోల్డ్‌ను ఒకసారి వేసి తీసి, మెనూ బటన్‌నూ చక్రం మధ్యలోని బటన్‌నూ కలిపి ఆరు నుంచి ఎనిమిది సెకన్ల పాటు, యాపిల్ గుర్తు వచ్చేదాకా నొక్కి ఉంచండి. దీనివల్ల పాటలేవీ పోవు. ఒక చెవిలో మాత్రమే పాట వినిపిస్తోందని బోర్డు మార్చమని అడిగేవాళ్లు కూడా ఉంటారు. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో జేబు నూలు పేరుకుని ఉంటుంది, పుల్లతో మెల్లగా తీస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: సినిమా పూర్తి కాకుండానే ఆగిపోతోంది, కాబట్టి బ్యాటరీ లోపభూయిష్టమైనది.

ఈ ఫిర్యాదు మన దగ్గర ఎక్కువగా రావడానికి కారణం మన సినిమాల నిడివే. 2005 నాటి 30 జీబీ ఐపాడ్‌కు కంపెనీ చెప్పిన లెక్క పాటలకైతే 14 గంటలు, వీడియోకైతే 2 గంటలు. తెలుగు సినిమా రెండున్నర గంటలు దాటుతుంది. కొత్త బ్యాటరీతో, ఏ లోపమూ లేని ఐపాడ్ కూడా క్లైమాక్స్ రాకముందే ఆరిపోవడం సహజమే. 2006లో వచ్చిన సవరించిన 30 జీబీ మోడల్‌లో ఈ సమయాన్ని మూడున్నర గంటలకు పెంచారు.

ఒకే బ్యాటరీ మీద పాటలకూ వీడియోకూ ఇంత తేడా ఎందుకన్నది లోపలి అమరిక చూస్తే తెలుస్తుంది. ఇందులో ఉన్నది 1.8 అంగుళాల హార్డ్ డిస్క్, నిమిషానికి 4,200 సార్లు తిరుగుతుంది. పాటలు వినేటప్పుడు అది ఎప్పుడూ తిరుగుతూ ఉండదు. ఒక్కసారి లేచి, రాబోయే కొన్ని పాటలను 32 మెగాబైట్ల మెమరీలోకి ఎక్కించి, మళ్లీ నిద్రపోతుంది. రాత్రి పూట ఐపాడ్‌ను చెవికి ఆనించి వింటే కొద్ది నిమిషాలకొకసారి సన్నగా చిర్రుమనే శబ్దం వినిపిస్తుంది, అదే డిస్క్ లేవడం. వీడియోలో ఆ మెమరీ చాలా త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి డిస్క్ మాటిమాటికీ లేవాలి, తెర వెలుగుతూనే ఉండాలి, వీడియోను విప్పే చిప్ విరామం లేకుండా పనిచేయాలి. పాటలను కూడా మాటిమాటికీ ముందుకు దాటిస్తూ వినేవారి ఐపాడ్‌లో ఛార్జింగ్ త్వరగా అయిపోయేది ఇందుకే. మెమరీలోకి ఎక్కించినదంతా వినకుండానే వృథా అవుతుంది.

వీడియోల విషయంలో ఇంకొక మాట. ఏవీఐ ఫైలు పేరు చివర ఎంపీ4 అని మార్చినంత మాత్రాన అది ఆడదు. పేరు మారితే లోపలి కూర్పు మారదు. ఈ ఐపాడ్‌లు హెచ్.264, ఎంపెగ్-4 వీడియోలను మాత్రమే ఆడిస్తాయి, మిగతావాటిని ముందుగా కంప్యూటర్‌లో ఆ రూపంలోకి మార్చుకోవాలి.

అపోహ: బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి ఛార్జింగ్ పెడితేనే ఎక్కువ కాలం మన్నుతుంది.

పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలపు అలవాటు ఇది. ఐపాడ్‌లో ఉన్నది లిథియం-అయాన్ బ్యాటరీ, దానికి ఈ నియమం వర్తించదు. సగంలో ఛార్జింగ్ పెట్టినా, పావులో పెట్టినా నష్టం లేదు. నిజంగా నష్టం చేసేది ఖాళీ అయిన స్థితిలో ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడం. నా దగ్గరికి వచ్చే ‘చనిపోయిన’ ఐపాడ్‌లలో పెద్ద వాటా వీటిదే. వాడకుండా దాచదలచుకుంటే సుమారు సగం ఛార్జింగ్‌తో చల్లని చోట ఉంచి, కొన్ని నెలలకొకసారి తీసి మళ్లీ అంతవరకు నింపండి. వెనక ఉక్కు రేకు కొద్దిగా ఉబ్బినట్టు అనిపిస్తే మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, ఇంట్లో విప్పకండి. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంటలు లేస్తాయి.

అపోహ: అరచేత్తో ఒక దెబ్బ కొడితే హార్డ్ డిస్క్ దారికి వస్తుంది.

ఈ మాట ఎందుకు నిలిచిందో నాకు తెలుసు. డిస్క్‌ను బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్ కొన్ని ఐపాడ్‌లలో వదులై ఉంటుంది, దెబ్బకు అది తాత్కాలికంగా తగులుకుని ఐపాడ్ లేచి కూర్చుంటుంది. కానీ లోపల తిరుగుతున్న పళ్లానికి వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో చదివే ముల్లు తేలుతూ ఉంటుంది, అదే దెబ్బ దాన్ని పళ్లానికి కొట్టగలదు. మూత తీసి రిబ్బన్‌ను సరిగా కూర్చోబెట్టడం పది నిమిషాల పని. విప్పేటప్పుడు వెనక రేకును ఒక్క ఊపున లాగకూడదు. బ్యాటరీ ఆ రేకుకే అతికి ఉంటుంది, ఇయర్‌ఫోన్ జాక్ కూడా అటే ఉంటుంది, రెండింటి రిబ్బన్లూ పొట్టివి. నేను నేర్చుకునే రోజుల్లో అలా ఒకటి చింపాను, ఆ రిబ్బన్ ఇప్పటికీ బల్ల సొరుగులోనే ఉంది. టక్ టక్ అని లయ తప్పకుండా శబ్దం వస్తుంటే మాత్రం డిస్క్ చివరి దశలో ఉందన్నమాట. అప్పుడు దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి.

అలాంటి డిస్క్ స్థానంలో ఇప్పుడు మెమరీ కార్డు వేస్తున్నాము. దానివల్ల ధ్వని మెరుగవుతుందని కొందరూ, పాడవుతుందని కొందరూ నమ్ముతారు, రెండూ నిజం కావు. మారేవి బరువూ, దెబ్బలకు తట్టుకునే శక్తీ, ఛార్జింగ్ నిలిచే సమయమూ మాత్రమే. అయితే 2007, 2008 నాటి క్లాసిక్‌లు కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో 128 జీబీకి మించి గుర్తించవు కాబట్టి పెద్ద కార్డు కొనే ముందు మోడల్ ఏదో చూపించుకోండి.

అపోహ: 128 కేబీపీఎస్ పాటను 320కి మారిస్తే నాణ్యత పెరుగుతుంది.

పెరగదు. ఈ అంకెలు సెకను పాటకు ఎన్ని కిలోబిట్ల సమాచారం వాడారో చెబుతాయి. ఫైలును చిన్నది చేసేటప్పుడు తీసేసిన ధ్వని మళ్లీ పుట్టదు. అయిదు నిమిషాల పాట సుమారు 5 మెగాబైట్ల నుంచి 12 మెగాబైట్లవుతుంది, డిస్క్ ఎక్కువసార్లు లేస్తుంది, అంతే. పాటల పేర్లు గందరగోళంగా ఉండటం కూడా ఐపాడ్ తప్పు కాదు. అది ఫైలు పేరును చూడదు, లోపలి ట్యాగును, అంటే పాట పేరు, ఆల్బం పేరు లాంటి వివరాలు రాసి ఉండే చోటును చూస్తుంది. ఉచితంగా దించుకున్న పాటల్లో ఆల్బం పేరు ఉండవలసిన చోట ఆ వెబ్‌సైటు పేరు రాసి ఉంటే వెయ్యి పాటలూ ఒకే ఆల్బంగా కనబడతాయి.

అపోహ: ఐపాడ్‌లోకి ఎక్కిన పాటలు మళ్లీ బయటికి రావు, కాబట్టి కంప్యూటర్ అడిగినప్పుడు ఫార్మాట్ చేయడమే మార్గం.

దయచేసి ఈ ఒక్కటి జాగ్రత్తగా చదవండి. కొత్త కంప్యూటర్‌కు కలిపినప్పుడు, ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో (అంటే ఇంకో కంప్యూటర్‌లోని పాటల సేకరణతో) సింక్ అయి, అంటే జతపడి ఉందనీ, ఉన్నవి చెరిపి కొత్తగా సింక్ చేయమంటారా అనీ యాపిల్ పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ అడుగుతుంది. అమెరికాలో మ్యాక్‌తో వాడిన ఐపాడ్‌ను ఇక్కడ విండోస్ కంప్యూటర్‌కు కలిపితే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, ఎందుకంటే మ్యాక్ పద్ధతిలో రాసిన డిస్క్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు. డిస్క్ పాడయిందని దాని అర్థం కాదు. రెండు చోట్లా వద్దనండి. మ్యాక్ ఉన్నవారి దగ్గరికి వెళ్లండి, లేదా మ్యాక్ డిస్క్‌లను చదివే సాఫ్ట్‌వేర్ వాడండి. విండోస్ కంప్యూటర్‌తో వాడిన ఐపాడ్ అయితే కలిపేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్ బటన్లను నొక్కి పట్టుకుంటే దానంతట అది సింక్ కాదు. తరవాత దాచిన ఫైళ్లు కనిపించేలా చేసుకుని, ఐపాడ్_కంట్రోల్ అనే ఫోల్డర్‌లో మ్యూజిక్‌ను తెరవండి. ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఉన్న ఫోల్డర్లలో అర్థం లేని నాలుగక్షరాల పేర్లతో పాటలన్నీ ఉంటాయి. వాటిని కాపీ చేసి ఏ ప్లేయర్‌లో వేసినా, ట్యాగులు ఉన్నంతవరకు అసలు పేర్లు తిరిగి వస్తాయి.

గుంటూరు నుంచి ఒక పెద్దాయన 30 జీబీ వీడియో ఐపాడ్ తెచ్చారు. వాళ్ల నాన్నగారు నాటకాల్లో పాడిన పద్యాలను క్యాసెట్ నుంచి ఎంపీ3గా మార్చి ఆయన కొడుకు అందులో ఎక్కించాడు. క్యాసెట్ బూజు పట్టి పోయింది, కంప్యూటర్‌ను అమ్మేశారు. వేరే దుకాణంలో రీస్టోర్ చేయిస్తే, అంటే ఉన్నదంతా చెరిపి మళ్లీ కొత్తగా చేయిస్తే బాగవుతుందని చెప్పారట, చార్జీ ఎక్కువనిపించి ఆయన వెనక్కి తిరిగారు. ఆ చార్జీయే పద్యాలను కాపాడింది. డిస్క్ కొద్దిగా టక్ టక్‌మంటోంది కాబట్టి ముందు పెద్ద ఫోల్డర్లన్నీ పక్కన పెట్టి, ట్యాగులు లేని చిన్న ఫైళ్లను వెతికి తీశాను. పదకొండు దొరికాయి. మొదటిదాన్ని తెరవగానే హార్మోనియం శ్రుతి, దాని వెనక ప్రేక్షకుల దగ్గులు వినబడ్డాయి. ఆయన కుర్చీలో ముందుకు వంగి, ‘సౌండు పెంచు బాబూ’ అన్నారు. రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ చేసి, ఒకటి కొడుకు దగ్గర ఉంచమని చెప్పి ఇచ్చాను. డిస్క్ మార్చే పని ఆ మర్నాడు మొదలుపెట్టాను.